జానెడున్నర చోటు

నవంబర్ 27

అత్తయ్య ఇవాళ హాలు మధ్యలో లారీ గీశారు.

నిజంగానే లారీ. దూది ఏకే హాల్లో మూటలన్నీ గోడవారకి జరిపించి, బట్ట మీద గీసే సుద్దముక్క పట్టుకుని, అరవై నాలుగేళ్ళ మనిషి మోకాళ్ళ మీద పాకుతూ, లారీ వెనక భాగం ఎంత ఉంటుందో అంతా నేల మీద గీసేశారు. నిన్న నన్ను వెంటబెట్టుకుని డ్రైవర్ ఇంటికెళ్ళి లారీని జానలతో కొలిచి వచ్చింది ఇందుకన్నమాట. డ్రైవర్ పాపం టేపు తెచ్చిస్తానన్నాడు. "నీ టేపు ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. నా చెయ్యి పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంతే ఉంది," అన్నారు ఈవిడ. అతను మీసం దువ్వుకుంటూ పక్కకి తప్పుకున్నాడు.

ఈ ఇంట్లో గీయకుండా ఏదీ జరగదు. పరుపయినా దిండయినా ముందు సుద్దతో గీసి, చుట్టూ నడిచి, తల అటూ ఇటూ వంచి చూసి, ఆ తరువాతే కత్తెర ముట్టుకుంటారు. రోడ్డు వెడల్పు చేస్తున్నాం, డిసెంబర్ ఇరవైలోగా ఇల్లూ షాపూ ఖాళీ చెయ్యండి అని కాగితం వచ్చిన రోజు మామయ్య మంచం ఎక్కి గోడవైపు తిరిగి పడుకున్నారు. బావగారు నాలుగు ఆఫీసులు తిరిగొచ్చి నలుగురినీ తిట్టారు. అత్తయ్య మాత్రం ఎవరినీ ఒక్క మాట అనకుండా, కనుమ అవతల ఊళ్ళో షెడ్డు మాట్లాడి, దారి ఎన్ని రోజులు, మంచు ఎక్కడ పడుతుంది, ఎక్కడ ఆగాలి అన్నీ కనుక్కుని వచ్చి సుద్దముక్క తీశారు. ఆవిడంటే నాకు ఒళ్ళు మండే రోజులు చాలానే ఉన్నాయి. ఇవాళ మాత్రం అలా చూస్తూ నిలబడిపోయాను.

లారీలో ముందు సగం సామాను, వెనక సగం మనుషులం, మధ్యలో అడ్డంగా దూది ఏకే విల్లూ దాని పెట్టే. రెండు వరసల్లో ఎవరి చోటు వాళ్ళకి విడిగా గీసి అందులో బొమ్మ వేశారు. మామయ్యకి కర్ర. బావగారికి బొజ్జ. అక్కకి, అంటే నా తోడికోడలికి, గరిటె. అక్క పిల్లలు ముగ్గురికీ మూడు కాకులు. ఆడపడుచుకి జడ. చిన్నమామయ్యకీ చిన్నత్తయ్యకీ చెరో కళ్ళజోడు. తనకి దూది ఏకే విల్లు. నాకు సూది. నాకూ మామయ్యకీ మధ్య ఇంకో చోటు, జానెడున్నర వెడల్పు. అందులో బొమ్మ లేదు.

ఆయనకే. అత్తయ్య ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. కన్నతల్లి కదా, కొడుక్కి చోటు వదలకుండా ఎలా ఉంటారు?

నవంబర్ 28

ఆయన దూది కొనడానికని వెళ్ళి నలభై రెండు రోజులు. దూది మార్కెట్లున్న వైపు సిగ్నల్ సరిగ్గా ఉండదట. డ్రైవర్ కూడా అదే అన్నాడు.

నవంబర్ 30

ఇవాళ్టి నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక గంటసేపు అందరూ గీతల్లో కూర్చోవాలట. కాలు గీత దాటకూడదు. "మూడు రోజులు ఇరుక్కుని కూర్చోవాలి. ఒకేసారి కూర్చుంటే రెండో రోజుకే కొట్టుకు చస్తారు. ఇప్పట్నించే అలవాటు చేసుకోండి," అన్నారు అత్తయ్య. బావగారు నవ్వబోయి ఆవిడ మొహం చూసి మానేశారు.

కూర్చున్నాం. పది నిమిషాల్లో చిన్నకాకి పెద్దకాకిని గిల్లింది. చిన్నమామయ్య గురక పెట్టారు. ఆడపడుచు జడ వెళ్ళి బావగారి చాయ్ గ్లాసులో పడింది. సరిగ్గా అప్పుడే ఒకావిడ దిండ్లు కావాలని లోపలికొచ్చింది. అంత పెద్ద ఖాళీ హాల్లో నట్టనడుమ ఇంతమందిమి ఒకళ్ళనొకళ్ళం ఒరుసుకుని కూర్చుని ఉంటే పాపం గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమైందండీ?" అంది.

"ఏం కాలేదమ్మా, ప్రయాణంలో ఉన్నాం," అన్నారు అత్తయ్య, గీత దాటకుండానే. "ఇంకో అరగంటలో దిగుతాం. ఆ బల్ల మీద కూర్చో."

ఆవిడ బుద్ధిగా కూర్చుంది. అరగంటయ్యాక అత్తయ్య "దిగండి" అన్నారు, దిగాం. ఆవిడ రెండు దిండ్లు కొందామని వచ్చి నాలుగు కొనుక్కుని వెళ్ళింది.

నా పక్క చోటు ఖాళీగా ఉంచి కూర్చున్నాను. చిన్నకాకి అందులోకి జరగబోతే మోచేత్తో ఆపాను.

డిసెంబర్ 1

షాపు ఫోన్ మోగింది. రాంగ్ నంబర్.

డిసెంబర్ 2

భోజనాల దగ్గర బావగారు అడిగారు. "తమ్ముడు ఎక్కడ ఎక్కుతాడమ్మా లారీ? ఇక్కడికొస్తాడా, దారిలోనా?"

అందరూ అన్నం కలపడం ఆపేశారు.

"కనుమ దాటాక. అవతల మనం ఆగే ఊళ్ళో ఎక్కుతారు," అన్నాను.

ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట. వచ్చాక మాత్రం బాగానే ఉంది. నిజానికి ఆయన ఉన్న చోటు నుంచి ఇంత దూరం వచ్చి మళ్ళీ అంత దూరం వెళ్ళడం ఎవరికి లాభం? కనుమ దాటాక ఎక్కడమే తెలివైన పని. అత్తయ్య నా విస్తట్లో ఇంకో ముద్ద కూర వేసి లేచి వెళ్ళిపోయారు.

డిసెంబర్ 4

లారీకి లోపలంతా పరుపులు కుడుతున్నాం. నేలకి ఒకటి, మూడు పక్కలా మూడు. పైన టార్పాలిన్ కింద పల్చటి బొంత. "లారీ కాదు, పెట్టె. మనం లోపల పెట్టే గాజు సామాను," అంది అక్క.

అత్తయ్య పొద్దున్న ఆరింటి నుంచి దూది ఏకుతున్నారు. మనిషి ఎత్తుండే ఆ విల్లు, నరంతాడు మీద కొయ్యసుత్తితో కొడుతుంటే ఆ మోత, గాల్లో తేలే దూది. ఆవిడ జుట్టు ఏది తెల్లది, ఏది దూదో తెలియకుండా పోయింది. ఊరంతా మిషన్‌లో ఏకించుకుంటుంటే ఈవిడ ఇంకా ఆ విల్లు వదలరు. మిషన్ దూదిని చంపేస్తుందట. పెళ్ళయిన ఏడాది ఈ మాటకి నవ్వేదాన్ని. ఇప్పుడు చెయ్యి పెట్టి చూస్తే నాకూ తేడా తెలుస్తుంది. నేర్పింది ఆవిడే. తిట్టి నేర్పారు, కుట్టిందంతా విప్పించి నేర్పారు. ఈ నాలుగేళ్ళలో నన్ను మెచ్చుకున్నది ఒక్కసారి, అదీ పొరుగావిడతో. నేను వినడం లేదనుకుని.

డిసెంబర్ 7

మామయ్య కుడి మోకాలు వంగదు. ఏడేళ్ళయింది. గీతలో కూర్చున్న గంటా ఆ కాలు మడవడానికి ఆయన పడే అవస్థ చూడలేం. పళ్ళు బిగబట్టి కూర్చుంటారు. పైగా కాకులకి కథలు చెబుతారు, నొప్పి తెలియకూడదని. ఆయనకో, వాళ్ళకో.

అక్క ఇవాళ అననే అంది. "నీ పక్క చోటు ఖాళీయే కదే. మామయ్యని కాలు చాపుకోనివ్వు. మరిది ఎక్కేది కనుమ దాటాకే కదా."

అలవాటు చేసుకోవడానికే కదా కూర్చునేది అన్నాను. ఇప్పుడు చాపుకుంటే రేపు ఆయన ఎక్కాక మామయ్యకి మడవడం మరీ కష్టం అన్నాను. చాలా సబబుగా చెప్పాను. అక్క నా వైపు ఒకలా చూసింది.

మామయ్యే సర్దిచెప్పారు. "పోనీలే అమ్మా. అబ్బాయి చోటు అబ్బాయికి ఉండాలి."

అబ్బాయి చోటు అబ్బాయికి ఉండాలి. అంతే కదా.

డిసెంబర్ 9

ఆయన గీత చెరిపేస్తే నా గీత ఎవరి పక్కనున్నట్టు? ఊరికే రాస్తున్నాను.

డిసెంబర్ 12

మనిషికొకటి చొప్పున కుట్టిన బొంతలకి పరీక్ష పెట్టారు అత్తయ్య. ఈవిడ బుర్రే బుర్ర. పొద్దున్నే, ఇంకా మంచు కరగకముందు, డాబా మీద బొంతలన్నీ వరసగా పరిచి, ఒక్కోదాంట్లో ఒక్కో చెంబెడు వేడినీళ్ళు మూతపెట్టి చుట్టబెట్టారు. రెండు గంటలయ్యాక విప్పి వేలు ముంచి చూడటం. వేడిగా ఉంటే సరే. చల్లారితే ఆ బొంతకి ఇంకాస్త దూది. కాకుల బొంతలకి రెండేసి వేళ్ళు ముంచి చూశారు. "నీళ్ళే తట్టుకోలేకపోతే పిల్లలేం తట్టుకుంటారు?" అన్నారు. ఏ డాక్టరు చెప్పాడు ఈవిడకి ఇదంతా? ఎవరూ చెప్పలేదు. కూర్చుని ఆలోచిస్తారు, అంతే. నేనూ అలా ఆలోచించగలిగే రోజు వస్తే చాలు.

ఆయన బొంతలో చెంబు నేను పెట్టాను. అదొక్కటే పూర్తిగా చల్లారిపోయింది. మూత సరిగ్గా పెట్టి ఉండను.

అత్తయ్య ఆ బొంత విప్పి, దూది నింపి, తనే కుట్టేశారు.

డిసెంబర్ 13

ఫోన్ లేదు.

డిసెంబర్ 14

ఫోన్ లేదు. అక్కడ చలి ఎక్కువట.

డిసెంబర్ 17

నవ్వాలో ఏడవాలో తెలియని రోజు.

డ్రైవర్ లారీ తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. బావగారూ చిన్నమామయ్యా నేల పరుపు చుట్టి మోసుకెళ్ళి పరిచారు. పరిస్తే చివర జానెడున్నర పైకి లేచింది. నొక్కారు, తొక్కారు. కాకులు ఎక్కి గెంతాయి. గెంతినంతసేపు ఉండి, దిగగానే మళ్ళీ లేచింది.

"లారీ తప్పు తెచ్చావేమయ్యా," అన్నారు మామయ్య. డ్రైవర్ మీసం మీద చెయ్యేసి ఇదే బండి అని ఒట్టు పెట్టుకున్నాడు. అత్తయ్య లారీ ఎక్కి జానలతో కొలిచారు. దిగివచ్చి హాల్లో గీత కొలిచారు. మళ్ళీ లారీ కొలిచారు. మూడోసారి హాల్లో కొలుస్తూ మధ్యలో ఆగిపోయి, నేల మీద చతికిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారనుకుని పరిగెత్తాను. నవ్వుతున్నారు.

"లారీకి గలీబు గీశానే!"

పరుపుకి గలీబు కుట్టేటప్పుడు పరుపు కొలత కంటే పెద్దది గీయాలి. కుట్టుకి అటు నాలుగు వేళ్ళు, ఇటు నాలుగు వేళ్ళు, ఉతికితే కుంచించుకుపోతుందని ఇంకో పది వేళ్ళు. మొత్తం పద్దెనిమిది, జానకి పన్నెండు వేళ్ళ లెక్కన జానెడున్నర. యాభై ఏళ్ళుగా గీసిన చెయ్యి, లారీ కొలత చేతికందగానే అలవాటు కొద్దీ అంతా కలిపేసింది. రెండున్నర వారాలుగా మేమందరం ఉతికితే కుంచించుకుపోయే లారీలో కూర్చుని ప్రయాణం నేర్చుకున్నాం. బావగారు గోడ పట్టుకుని నవ్వారు. చిన్నమామయ్యా చిన్నత్తయ్యా కళ్ళజోళ్ళు తీసి తుడుచుకున్నారు. నేనూ నవ్వాను.

నవ్వు అయిపోయాక లెక్క చూసుకుంటే, అటు వరసలో కాకుల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే సరిపోతుంది. ఇటు వరసలో ఒక చోటు పోవాల్సిందే.

ఎవరూ నా వైపు చూడలేదు. అది చూసినదాని కంటే ఎక్కువ బాధగా ఉంది.

"చోటు ఎక్కడికీ పోదు," అన్నారు అత్తయ్య లేచి కొంగు దులుపుకుంటూ. "సామానుకీ మనుషులకీ మధ్య అడ్డంగా నా విల్లూ దాని పెట్టే పెడదామనుకున్నాం కదా. అదెంతుంటుంది, జానెడున్నర. దాన్ని తీసేస్తే సరి. ఇస్త్రీ షాపు ఆవిడకి ఇచ్చేస్తా, పొయ్యిలోకైనా పనికొస్తుంది."

 నేను అడ్డుపడలేదు. ఎలాగూ అవతల ఊళ్ళో మిషన్ ఉంటుంది కదా అనుకున్నాను. అనుకున్నానని రాయడానికే సిగ్గుగా ఉంది.

డిసెంబర్ 18

డిసెంబర్ ఒకటిన వచ్చింది రాంగ్ నంబర్ కాదు. ఆయనే.

నేను హలో అంటే "ఎవరూ?" అన్నారు. నాలుగేళ్ళ పెళ్ళాం గొంతు గుర్తుపట్టలేదు. నేనే అన్నాను. "నేనిక రాను. ఇక్కడ నాకు వేరే బతుకు కుదిరింది. ఎదురుచూడకు. అమ్మకి చెప్పు," అన్నారు. పెట్టేశారు. అంతే. ఎవరితోనూ అనలేదు. ఇందులో కూడా నిజం రాయలేదు. రాయకపోతే జరగనట్టే ఉంటుందనుకున్నాను. నిజంగానే కొన్ని రోజులు అలాగే ఉంది.

ఇవాళ పొద్దున్న అత్తయ్య విల్లుకి గుడ్డ చుడుతున్నారు, ఇస్త్రీ షాపుకి పంపడానికి. నరంతాడు వదులు చేసి, కొయ్యని నూనెగుడ్డతో తుడిచి మరీ. పొయ్యిలో పెట్టేదానికి నూనె ఎందుకో. చూడలేకపోయాను. వెళ్ళి చుట్టిన గుడ్డ లాగేశాను.

"పంపకండి. లారీలో పెట్టండి. ఆయన రారు," అన్నాను.

చెప్పాను, అంతా. ఆవిడ చేతులు ఆగలేదు, తుడుస్తూనే ఉన్నారు.

"తెలుసే," అన్నారు.

"మీకూ ఫోన్ చేశారా?"

"నాకెందుకు చేస్తాడు? వెళ్ళినరోజే తెలుసు. దిండు తీసుకెళ్ళాడు. నాలుగు రోజుల పనికి వెళ్ళేవాడు దిండు పట్టుకెళ్ళడు." కొయ్యని ఇంకోసారి తుడిచారు. "నా గురించి ఏమన్నా అడిగాడా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఇన్ని రోజులుగా అలవాటే కదా. "అమ్మకి చెప్పు అన్నారు," అన్నాను.

"అంతేనా?"

"అంతే అత్తయ్యా."

ఆవిడ తల ఊపారు.

"తెలిసి మరి ఆ చోటు ఎందుకు ఉంచారు? మామయ్య కాలు చూస్తూ కూడా?"

"నువ్వు చెప్పేదాకా ఉండనీ అనుకున్నా. నేనేం చెప్పను, నా కొడుకు నిన్ను వదిలేశాడని? నా నోటితో ఎలా చెప్పను?"

అప్పుడు అడిగేశాను. ఇన్నాళ్ళూ గొంతులో పెట్టుకున్నది. "ఆయన లేకపోతే నేను ఈ ఇంటికి ఎవర్ని? ఏమని ఎక్కను ఆ లారీ?"

అత్తయ్యకి కోపం వచ్చింది. నిజం కోపం, కుట్టు వంకరపోతే వచ్చేది. నన్ను చెయ్యి పట్టి హాల్లోకి లాక్కెళ్ళి నా గీత ముందు నిలబెట్టారు.

"ఇందులో ఏం గీశాను? వాడి పెళ్ళాం అని గీశానా? సూది గీశాను. ఈ ఇంట్లో నా తరువాత గలీబు మూల సరిగ్గా తిప్పేది నువ్వొక్కదానివే. అక్కడ షెడ్డు తీసుకుంది ఎవర్ని చూసుకుని అనుకున్నావ్, మీ బావగారి బొజ్జనా? పుట్టింటికి వెళ్తానంటే వెళ్ళు, దింపి వస్తా. నీ ఇష్టం. కానీ చోటు లేదని మాత్రం వెళ్ళకు!"

నాలుగేళ్ళలో నన్ను మెచ్చుకోవడం ఇది రెండోసారి. ఈసారి నా మొహం మీదే.

ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను. ఆవిడ పక్కనే కూర్చున్నారు. ఓదార్చలేదు, ఆవిడకి చేతకాదు. నా జాకెట్టు చేతి కుట్టు ఒకటి ఊడితే సూది తీసుకుని అలాగే కుట్టేశారు. తరువాత నేనే కాలితో ఆ ఖాళీ గీత చెరిపేశాను. సుద్ద అంత తేలిగ్గా పోలేదు, తడిగుడ్డ పెట్టాల్సి వచ్చింది.

డిసెంబర్ 19

బయలుదేరాం. విల్లు లారీలో ఉంది.

మధ్యలో చోటు పోవడంతో మామయ్య ఇప్పుడు నా పక్కనే. బండి కదిలిన పావుగంటకి మళ్ళీ పళ్ళు బిగబట్టి కాకులకి కథ మొదలుపెట్టారు. నా ఒళ్ళో దిండు వేసుకుని, "మామయ్యా, కాలు ఇలా పెట్టండి," అన్నాను. వద్దమ్మా బాగోదు అన్నారు. "ఇన్నాళ్ళూ చెయ్యాల్సింది, చెయ్యలేదు. పెట్టండి," అన్నాను. పెట్టారు. కథ మధ్యలోనే నిద్రపోయారు.

బాగా చలి. పరుపుల మధ్య అసలు తెలియడం లేదు. ఈవిడ చేసిన పెట్టె ఇది.

డిసెంబర్ 20

కనుమ ఎక్కే ముందు గేటు ఉంది. చలికాలంలో పైకెళ్ళే ప్రతి బండిలో డ్రైవర్ కాక ఎంతమంది ఉన్నారో ఇక్కడ రాసుకుంటారు. అవతలి గేటు దగ్గర అంతమందీ దిగారో లేదో చూస్తారు. డ్రైవర్ ముందే చెప్పాడు.

గేటు మనిషి టార్పాలిన్ ఎత్తాడు. మంచుగాలి రివ్వుమని లోపలికొచ్చింది. "ఎంతమందండీ?" అన్నాడు, పుస్తకం తెరిచి.

అందరం అత్తయ్య వైపు చూశాం. లెక్క ఎప్పుడూ ఆవిడే చెబుతారు. ఎన్ని దిండ్లు, ఎన్ని మూరలు, ఎన్ని రోజులు, అడిగేలోపు చెబుతారు. ఆవిడ నోరు తెరిచారు. మామయ్య నుంచి చిన్నకాకి దాకా ఒక్కొక్కళ్ళనీ చూస్తూ వచ్చారు. మళ్ళీ మొదటినుంచి చూశారు. పెదవులు కదులుతున్నాయి.

"ఎంతమందండీ?" అన్నాడు అతను మళ్ళీ.

ఈ రెండు నెలలూ మొగుడు పోయింది నాకే అని చూసుకున్నాను. ఆవిడకి కొడుకు పోయాడని నాకు తట్టనేలేదు. ఇన్ని బొంతలు కుట్టారు, ఇన్ని గీతలు గీశారు, ఒక్కరోజూ పని ఆపలేదు. ఎంత గట్టి మనిషో అనుకుంటూ చూశాను తప్ప, ఒక్కసారి కూడా దగ్గరికి వెళ్ళి కూర్చోలేదు.

"పదకొండు మందిమి," అన్నాను నేను.

అతను రాసుకుని టార్పాలిన్ దించాడు. లోపల చీకటయింది. బండి ఎక్కుడు దారి పట్టింది. కాసేపటికి బొంత కిందనుంచి అత్తయ్య చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఐసుముక్కలా ఉంది. పట్టుకున్నారంటే అలా ఇలా కాదు, వేళ్ళు నొప్పిపుట్టేలా.

ఇంకా వదల్లేదు. కుడిచెయ్యి ఆవిడ దగ్గరే ఉంది. టార్పాలిన్ సందులోంచి వచ్చే వెలుతురులో ఇదంతా ఎడమచేత్తో రాశాను.